నిలిచిపోయిన కారు మొరాయిస్తే

హజ్‌కు వెళ్లిన దంపతుల కారు సుమారు 40 రోజులు ఇంటి ముందు కదలకుండా ఉంటుంది. సెలవు ముగించుకొని జిద్దాకో దుబాయికో తిరిగి వెళ్లిన కొడుకు కారైతే నెలల తరబడి కవరు కప్పుకొని నిలిచి ఉంటుంది. తీరా ఒక అర్ధరాత్రి ఇంట్లోని పెద్దావిడను ఆసుపత్రికి తీసుకుపోవాలని తాళంచెవి తిప్పితే అది మూలుగుతుంది గాని స్టార్టు కాదు. మర్నాడు మెకానిక్ వచ్చి బ్యాటరీ పోయిందంటాడు. నాలుగైదు వేలు ఖర్చవుతాయి. వారం కదలకుండా ఉంటే మళ్లీ అదే మూలుగు. అసలు కారణాన్ని ఎవరూ వెదకలేదు.

మదరసాలలో బోధించే ఉసూలె ఫిఖ్హ్‌లో ‘సబ్ర్ వ తఖ్సీమ్’ అనే పద్ధతి ఒకటుంది. ఒక విషయానికి కారణం కాగలవాటిని అన్నింటినీ ముందు లెక్కించి, కానివాటిని పరీక్షించి ఒక్కొక్కటిగా తొలగిస్తూ పోవడమే అది. బానెట్ ఎత్తినప్పుడు కూడా ఈ పద్ధతే పనికివస్తుంది.

మొదట చెవులు పెట్టి వినండి. తాళంచెవి తిప్పగానే టకటకమని వరుస చప్పుడు వస్తున్నా, ఇంజను అతి మెల్లగా తిరుగుతున్నా విద్యుత్తు చాలడం లేదని అర్థం. హెడ్‌లైట్లు వేసి ఉంచి తిప్పి చూడండి. అవి పూర్తిగా మసకబారితే దోషం బ్యాటరీలోనో దాని టెర్మినళ్లలోనో ఉంటుంది. లైట్లు ప్రకాశవంతంగానే ఉండి ఒక్కసారి మాత్రమే ‘టక్’మంటే స్టార్టరును అనుమానించాలి. ఇంజను చురుగ్గా తిరుగుతూ కూడా అందుకోకపోతే బ్యాటరీని వదిలేయండి. అక్కడ వెదకవలసింది ఇంధనాన్ని, స్పార్కును.

టెర్మినళ్లపై తెల్లగానో ఆకుపచ్చగానో పొడి పేరుకుని ఉంటే ముందు మైనస్ తీగను, తరువాత ప్లస్ తీగను విప్పి, వంటసోడా కలిపిన వేడినీటితో శుభ్రం చేసి, ఆరబెట్టి బిగించాలి. బిగించేటప్పుడు మైనస్ చివరిది. ‘పోయిన’ బ్యాటరీలలో కొన్ని ఇంతటితోనే బతుకుతాయి.

ఆ తరువాతి పని మల్టీమీటరుది. కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. కొన్ని గంటలు కదలకుండా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్లు, 12.4 అయితే ముప్పాతిక వంతు. 12కు దిగితే దాదాపు ఖాళీయే. ఛార్జి నిండుగా ఉండి కూడా స్టార్టరు తిప్పేటప్పుడు 9.6 కంటే దిగువకు పడిపోతే బ్యాటరీలో సత్తువ తగ్గిందని సాధారణంగా భావించవచ్చు. ఇంజను నడుస్తుండగా 13.8 నుండి 14.5 వరకు రాకపోతే ఆల్టర్నేటర్ ఛార్జి చేయడం లేదు. అప్పుడు ఎన్ని బ్యాటరీలు మార్చినా వృథాయే.

మరి కొత్త బ్యాటరీ వారానికే ఎందుకు చచ్చింది? తలుపులు మూసినా కారు నిద్రపోదు. గడియారం, అలారం, కంప్యూటర్ కొద్దికొద్దిగా విద్యుత్తును తాగుతూనే ఉంటాయి. ఇది 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే సహజమే. అయినా ఆ 50 వంతున రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు పోతాయి. చిన్నకార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 29 రోజులలో ఖాళీ అవుతుంది. హజ్ ప్రయాణం అంతకంటే ఎక్కువ రోజులు! వారంలోనే ఖాళీ అయిందంటే 200 మిల్లీ ఆంపియర్లకు పైగా ఎక్కడో కారిపోతున్నట్లు లెక్క. తరువాత బిగించుకున్న మ్యూజిక్ సిస్టమ్, కెమెరా, ఆరని డిక్కీ లైటు సాధారణ నేరస్థులు. మైనస్ తీగకు వరుసలో మీటరు పెట్టి, తలుపులు మూసి, అరగంట ఆగి, ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోతే ఏ ఫ్యూజు వద్ద అంకె పడిపోతుందో అక్కడే దొంగ. మీటరు తగిలించి ఉండగా కారు స్టార్టు చేయరాదు.

విద్యుత్తు సరిగానే ఉందని తేలితే, పెట్రోలు కారులో తాళంచెవిని ‘ఆన్’ వరకే తిప్పి మూడు సెకన్లు ఉంచి ఆపండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే పైపులలో జారిపోయిన పీడనాన్ని పంపు తిరిగి నింపుతుంది. డ్యాష్‌బోర్డుపై తాళంచెవి గుర్తు మిణుకుమిణుకుమంటే ఇమ్మొబిలైజర్ మీ తాళంచెవిని గుర్తించలేదని అర్థం. డీజిలు కారైతే పైపులోకి గాలి చేరి ఉండవచ్చు. ఎలుకలు కొరికిన తీగలను, ఎయిర్ ఫిల్టరులో అవి పెట్టిన గూటిని కూడా చూడక తప్పదు. మన పేటల్లో ఇది చిన్న విషయం కాదు. నెలల తరబడి నిలిచిన పెట్రోలులో త్వరగా ఆవిరయ్యే భాగం పోతుంది. ఇథనాల్ కలిసినది తేమను కూడా పీలుస్తుంది. కొత్త పెట్రోలు పోసి చూడాలి.

ఒక అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. వారానికొకసారి ఐదు నిమిషాలు ఇంజను నడిపి ఆపేస్తే చాలునని చాలామంది నమ్ముతారు. స్టార్టరు లాగేసిన విద్యుత్తు ఆ ఐదు నిమిషాలలో పూర్తిగా తిరిగి రాకపోవచ్చు; ఇంజను సరిగా వేడెక్కక సైలెన్సరులో నీరు మిగులుతుంది. దానికంటే అరగంట రోడ్డుపై నడపడం మేలు. షట్టరు దించిన షెడ్డులో నడపడమైతే ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, పిల్లలున్న ఇంట్లోకి అది చప్పుడు లేకుండా చేరుతుంది.

పొరుగువారి కారు నుండి తీగలు వేసేటప్పుడు ప్లస్‌ను ప్లస్‌కు కలిపి, మంచి బ్యాటరీ మైనస్ నుండి వచ్చే తీగను మీ ఇంజను లోహభాగానికి, బ్యాటరీకి దూరంగా తగిలించండి. బ్యాటరీ వద్ద హైడ్రోజన్ వాయువు ఉంటుంది, నిప్పురవ్వ చాలు.

నెలకు మించి ప్రయాణముంటే మైనస్ తీగను విప్పి వెళ్లండి. మ్యూజిక్ సిస్టమ్‌కు కోడ్ ఉంటే రాసి పెట్టుకోండి. తీగ విప్పిన కారుకు రిమోట్ పనిచేయదు కనుక, మామూలు తాళంచెవిని ఇంట్లో ఉండేవారి చేతికిచ్చి, దానితో తలుపు ఒకసారి తెరిపించి చూసి బయలుదేరండి.