ఆకులు రాలుతున్నాయని చెట్టు కొట్టేద్దామా?

"చెట్టుంటే చెత్త" అనే మాట ఈ మధ్య మా బందరులో తరచూ వింటున్నాను. గుడివాడలో ఉన్న మా చెల్లెలు కూడా వాళ్ల వీధిలో ఇదే గోల అని చెప్పింది. ఈ మాట ఎక్కువగా అనేది ఆడవాళ్లమే. ఎందుకనమూ? పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టి లోపలికి తిరిగేలోగా ముగ్గు మీద ఇరవై ఆకులు పడతాయి. మాఘ ఫాల్గుణాల్లో వేపచెట్టు ఆకు రాల్చేటప్పుడైతే పూటకోసారి ఊడ్చినా చాలదు. చివరికి ఓ రోజు విసుగొచ్చి, గొడ్డలి భుజాన వేసుకుని తిరిగే మనిషిని పిలిచి, కూలి మాట్లాడి పని కానిచ్చేస్తారు. ఆ తర్వాత ఉగాదికి గుప్పెడు వేపపువ్వు కోసం బజారుకి వెళ్లి కొనుక్కొస్తారు.

ఆ విసుగు నిజమైనదే. నడుము నొప్పీ నిజమే. కానీ ఊడ్చే పని ఎక్కువైందని చెట్టుని శిక్షించడం న్యాయం కాదని నా అభిప్రాయం. గొడవంతా ఆ పని ఎవరి నెత్తిన పడుతోందన్న దగ్గర ఉంది.

లండన్‌లో ఉన్న మన పిల్లలు చలి మొదలయ్యే రోజుల్లో ఫోటోలు పంపుతుంటారు చూడండి, దారి నిండా పసుపుపచ్చ ఆకులు, వాటి మధ్య కోట్లు వేసుకుని నవ్వుతూ మనవాళ్లు. లండన్ వీధుల్లో, పార్కుల్లో విరివిగా కనిపించే ఆ పెద్ద చెట్టు పేరు ప్లేన్. కాశ్మీరులో చినార్ అంటారే, ఆ చినార్‌కీ అమెరికాలో ఉండే దాని చుట్టానికీ కలిసి పుట్టిన చెట్టది. బొగ్గు పొగతో లండన్ నల్లబడిపోయిన రోజుల్లో మిగతా చెట్లు డీలాపడినా ఇది తట్టుకుని నిలబడింది. మసిపట్టిన బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయి లోపలి నుంచి కొత్త బెరడు వస్తుంది. అక్కడి బర్కిలీ స్క్వేర్ అనే తోటలో 1789లో నాటిన ప్లేన్ చెట్లు ఇప్పటికీ ఉన్నాయి.

అలాగని అది బుద్ధిమంతురాలైన చెట్టేమీ కాదు. అరచెయ్యంత ఆకులు రాలుస్తుంది, బెరడు రాలుస్తుంది, దాని నూగు గాల్లో లేచి గొంతులో గరగర పెడుతుందని అక్కడివాళ్లూ విసుక్కుంటారు. అయినా ఉంచుకున్నారు. మనకీ వాళ్లకీ తేడా ఏమిటంటే, అక్కడ రోడ్డు మీద రాలిన ఆకు ఊరిది. ఊరి డబ్బుతో జీతం తీసుకునే మనిషి వచ్చి ఊడుస్తాడు. ఇక్కడ రాలిన ఆకు ఎదురింటి ఇల్లాలిది. నీడ మాత్రం ఊరందరిదీ.

ఆ నీడ ఎవరెవరికి అందుతోందో ఒక ఎండాకాలం మధ్యాహ్నం గేటు దగ్గర నిలబడి చూడండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మా బందరులో అయితే సముద్రపు తేమ కూడా కలిసి ఒళ్లంతా ఉడికిపోతుంది. ఆ వేళ చేపల గంప దించుకుని ఊపిరి పీల్చుకునే ఆవిడ, కూరల బండి ఆపుకునే ముసలాయన, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త, బడి ఆటో కోసం చంటివాణ్ణి చంకనేసుకుని నిలబడ్డ తల్లి, అందరూ వెతుక్కునేది ఒక చెట్టునే. మనం తలుపు వేసుకుని కూలరో ఏసీయో వేసుకుంటాం. వాళ్లకి ఆ చెట్టు తప్ప వేరే గది లేదు. అశోకుడు దారుల పక్కన చెట్లు నాటించాడని చిన్నప్పుడు అందరం బట్టీపట్టాం. ఆయన తన శాసనంలో కారణం కూడా చెప్పుకున్నాడు. మనుషులకీ పశువులకీ నీడ కోసమని మర్రిచెట్లు నాటించానన్నాడు. అందం కోసమని చెప్పలేదు.

మా వీధిలో ఒక కానుగ చెట్టు విషయంలో పెద్ద చర్చే జరిగింది. ఎదురింటి పిన్నిగారితో నేను ఇవన్నీ చెప్తే ఆవిడ శాంతంగా విని, "నువ్వు చెప్పింది బాగానే ఉందమ్మాయ్. చీపురు పట్టేది నేను కదా. నా మోకాళ్లు నీ మాట వినవు" అంది. ఆ మాటకి జవాబు చెప్పకుండా చెట్ల గురించి ఎన్ని మంచి మాటలు చెప్పినా దండగే. ఆవిడ ఇంట్లో ముగ్గురు మగవాళ్లున్నారు. ముగ్గురూ ఆ కానుగ కింద బళ్లు పెట్టుకుంటారు. ఒక్కరూ చీపురు ముట్టుకోరు. వాకిలి ఊడవడం ఆడవాళ్ల పని అనుకున్నంత కాలం వీధిలో చెట్టుకి మొదటి శత్రువు ఆడదే అవుతుంది. చెట్టు పెంచాలన్న ఉపన్యాసం మగవాళ్లు ఇస్తారు, కొట్టించిందన్న నింద మనం మోస్తాం.

ఇక, చెత్త పడకుండా పచ్చగా ఉండే చెట్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి. బారుగా పెరిగే అశోక చెట్టు అలాంటిదే, నిజానికి అది నరమామిడి. గోడ పక్కన బావుంటుంది కానీ దాని కింద ఒక మనిషికి కూడా నీడ రాదు. ఆ తర్వాత కోనోకార్పస్ వచ్చింది. నాటిన కొద్ది రోజులకే గుబురుగా పెరుగుతుంది, ఎప్పుడూ పచ్చగా ఉంటుంది. అధికారులకీ, అపార్టుమెంట్ల వాళ్లకీ తెగ నచ్చింది. తెలంగాణలో హరితహారం కింద విరివిగా నాటి, తర్వాత వద్దనుకున్నారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటొద్దంది. దాని పుప్పొడి వల్ల జబ్బులొస్తాయా లేదా అన్నదాని మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, అందులోకి నేను వెళ్లను. నాకు తెలిసిన ఆక్షేపణ ఒకటే. దాన్ని మనం ఎంచుకున్నది నీడ కోసం కాదు, చూడ్డానికి పచ్చగా ఉంటుందనీ, పని తక్కువనీ. విశాఖలోనూ అంతే. 2014 హుద్‌హుద్ తుపానులో చెట్లన్నీ పోయాక తొందరగా పెరుగుతుందని ఏడాకుల చెట్లు వరసగా నాటారు. ఇప్పుడవి పూసే కాలంలో ఆ ఘాటు వాసనకి తలనొప్పి వస్తోందని జనం గోల పెడుతున్నారు. తొందరపడి నాటిన చెట్టుకి ఒకరోజు గొడ్డలి తప్పదు.

పరాయి చెట్టు అయినంత మాత్రాన చెడ్డదని కూడా కాదండోయ్. మన కాలవగట్ల మీద, పాత రోడ్ల పక్కన గొడుగులు పట్టినట్టు ఉండే నిద్రగన్నేరు ఎక్కడో దక్షిణ అమెరికా వైపు నుంచి వచ్చిందే. సాయంత్రమయ్యేసరికి ఆకులు ముడుచుకుంటుందని మనవాళ్లు ఎంత చక్కని పేరు పెట్టుకున్నారు! దాని కాయలు పశువులు ఇష్టంగా తింటాయి. అయితే దాని కొమ్మలు పెళుసు, దానికి పెద్ద రోడ్డు కావాలి. పన్నెండడుగుల సందులో పెడితే ఇళ్లకే ప్రమాదం.

ప్రమాదం అనగానే తుపాను గుర్తొస్తుంది మనకి. "గాలివానకి చెట్టు ఇంటి మీద పడితే?" అన్న భయం సముద్రం పక్కన ఉండేవాళ్లకి సహజం. 1864లో బందరుని ముంచిన ఉప్పెన గురించి తరాలుగా చెప్పుకుంటున్నాం. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెనలో 10,000 మందికి పైగా పోయారు. కానీ ఆ రాత్రి తాటిచెట్టుని వాటేసుకుని, తుమ్మకొమ్మల ముళ్లు ఒంట్లో దిగుతున్నా వదలకుండా పట్టుకుని బతికినవాళ్ల కథలు నాగాయలంక, కోడూరు వైపు పెద్దవాళ్లని అడిగితే చెప్తారు. అక్కడ చెట్టు ప్రాణం తీసిందని కాదు, నిలబెట్టిందనే చెప్పుకుంటారు.

వీధుల్లో చెట్లు ఎందుకు పడిపోతున్నాయో చూస్తే చాలాసార్లు కారణం మనమే. డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు, వేళ్లు లోతుకి పోవు, పక్కలకి పాకాలి. ఆ పక్కలన్నీ మొదలు దాకా సిమెంటు పోసి, టైల్సు పరిచి బిగించేస్తాం. పైన కరెంటు తీగలున్న వైపు కొమ్మలన్నీ నరికేస్తారు, రెండో వైపు బరువంతా అలాగే ఉంటుంది. ఒక చేత్తో బిందె మోస్తున్న మనిషిలా అది ఒరిగిపోయి ఉంటుంది. పెద్ద గాలి వస్తే పడక ఏం చేస్తుంది? ఐరోపా ఊళ్లలో ప్లేన్ చెట్లని చిన్నప్పటి నుంచే ఒక పద్ధతిలో, అన్ని వైపులా సమంగా కత్తిరిస్తూ వస్తారు. చెట్టు పెంచడమంటే నాటి ఫోటో దిగడంతో అయిపోదు.

కాబట్టి నేననేది ఇదీ. మున్సిపాలిటీ వాళ్లు మొక్కలు పట్టుకొచ్చినప్పుడు గేటు వేసుకుని లోపల ఉండకుండా, ఏ మొక్క తెచ్చారని అడుగుదాం. తీగలున్న ఇరుకు వీధికి పొగడో కానుగో అడుగుదాం. మన ఉప్పునేలకి కానుగ బాగా తట్టుకుంటుంది, ఎండలు ముదిరేలోగా లేత ఆకు తొడిగి నీడ పడుతుంది. సముద్రం దగ్గర వీధులకి గంగరావి, పొన్న లాంటివి పుట్టింటి చెట్లు. మొదలు చుట్టూ ఒక బారెడు మట్టి వదలమని కాంట్రాక్టరుకి గట్టిగా చెబుదాం. కొట్టెయ్యాలనుకునేవాళ్లకి వాల్టా చట్టమని ఒకటుందనీ, కొన్ని రకాలకి తప్ప మిగతా చెట్లు కొట్టాలంటే అనుమతి కావాలనీ గుర్తు చేద్దాం.

అన్నిటికంటే ముందు చీపురు సంగతి తేల్చుకోవాలి. మా వీధిలో పిన్నిగారి మోకాళ్ల పుణ్యమా అని ఒక ఏర్పాటు మొదలైంది. కానుగ నీడలో బళ్లు పెట్టుకునే నాలుగిళ్లూ వారానికొకరు చొప్పున ఊడవాలి, అందులో మగవాళ్లకి మినహాయింపు లేదు. ఊడ్చిన ఆకుని తగలబెట్టకుండా ఖాళీ స్థలంలో ఓ గోతిలో వేస్తున్నాం, మల్లెపాదులకి ఎరువవుతుంది. మొదటి వారం పిన్నిగారి పెద్దబ్బాయి సిగ్గుపడుతూ చీకటి ఉండగానే ఊడ్చేశాడు, ఎవరైనా చూస్తారని. ఇప్పుడు ఎండ ఎక్కాక కూడా ఊడుస్తున్నాడు. పిన్నిగారు చెట్టు కొట్టించే మాట మళ్లీ ఎత్తలేదు.