తక్కెడ ముందు యోధుడు

గత అక్టోబరు మాసంలో ఒక మిట్టమధ్యాహ్నం మన కళాశాల మైదానంలో ఒక దృశ్యం చూచాను. డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు మండుటెండలో ప్లాస్టిక్ వానకోటు తొడుగుకొని, దానిపై ఉన్ని స్వెట్టరు కూడా వేసుకొని పరుగెత్తుతున్నాడు. పిలిచి కారణం అడిగాను. మరునాడు అంతర కళాశాలల ముష్టియుద్ధ పోటీలకు తూకం ఉన్నదనీ, తాను కిలోన్నర ఎక్కువగా ఉన్నాననీ, ముందురోజు రాత్రి నుండి మంచినీళ్లు ముట్టలేదనీ చెప్పాడు. "ఖబీబ్ కూడా ఇట్లాగే చేసేవాడు సార్" అని గర్వంగా చేర్చాడు. ఆ చివరి మాటే నాచేత ఈ నాలుగు మాటలు వ్రాయిస్తున్నది.

ఖబీబ్ నుర్మగొమెదోవ్ పేరు తెలియని విద్యార్థి మన తరగతుల్లో బహుశా లేడు. రష్యాలోని దాగెస్తాన్ కొండప్రాంతంలో సిల్ది అనే పల్లెలో 1988లో పుట్టినవాడు. తండ్రి అబ్దుల్‌మనాపే అతనికి ఉస్తాదు. ఖబీబ్ పేరు తెచ్చుకొన్న క్రీడను మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటారు. మిశ్రమ యుద్ధకళ అనవచ్చు. 1993లో అమెరికాలోని డెన్వర్ నగరంలో జరిగిన పోటీతో అది లోకం దృష్టికి వచ్చింది. ముష్టియుద్ధం, కుస్తీ, తన్నులు, కీళ్లు మెలిపెట్టే పట్లు, గొంతు బిగించే పట్లు అన్నీ అందులో చెల్లుతాయి. కంచెలో ఇద్దరిని నిలిపి తలుపు మూస్తారు. చూచేవారికి అది కేవలం క్రూరత్వంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. నేనూ చాలాకాలం అట్లాగే అనుకొన్నాను.

కాని ఆ యోధులు పోటీకి సిద్ధమయ్యే తీరును శ్రద్ధగా పరిశీలిస్తే వేరొక సంగతి బోధపడుతుంది. వారి అభ్యాసానికి పునాది కోపం కాదు, ఓటమి. పట్టులో చిక్కిన వాడు అరచేతితో ప్రత్యర్థి దేహాన్నో నేలనో తట్టితే చాలు. ఎదుటివాడు తక్షణం వదలివేయాలి. ఈ నియమం పోటీలోనూ అభ్యాసంలోనూ ఒక్కటే. పోటీకి ముందు ఎనిమిది వారాలో పది వారాలో సాగే శిక్షణలో యోధుడు ఒక్కొక్క రోజున ఎన్నిసార్లు అట్లా తట్టవలసి వస్తుందో లెక్కలేదు. తనకన్న చిన్నవాని చేతిలో చిక్కి తట్టుతాడు, నిన్న చేరిన వాని చేతిలో తట్టుతాడు, లేచి మరల కూర్చుంటాడు. అహంకారం అడ్డువచ్చి తట్టనివాని మోచేయి విరుగుతుంది. మన పాతబస్తీ తాలీంఖానాలలో ఉస్తాదుల యెదుట మట్టి కరచిన షాగిర్దులకు ఈ సంగతి కొత్త కాదు. దండీలు, బైఠకులు దేహానికి. మట్టి కరవడం మనస్సుకు.

వారికి భయం లేదనుకోవడం కూడా పొరపాటే. తలుపు మూసుకొన్న తరువాత భయపడుటకు తీరిక ఉండదు. అంతకు ముందటి రాత్రులే కఠినమైనవి. ఆ రాత్రులలో వారిని వేధించేది ప్రత్యర్థి పిడికిలి కన్న తక్కెడ ముల్లు. నేను చెప్పదలచుకొన్నదంతా ఈ తక్కెడ గురించే.

బరువుల తరగతులు ఏర్పడినది న్యాయం కోసం. 1910లో లండను నగరంలో మన గామా పహిల్వాను తనకన్న ఎంతో బరువైన జ్బిష్కోతో రెండున్నర గంటలకు పైగా తలపడ్డాడు, ఫలితం తేలలేదు. అట్టివారు తరానికొక్కరు. తక్కిన బలహీనులు బరువైనవాని క్రింద నలిగిపోకుండా తరగతులు పెట్టారు. మంచిదే. అయితే తూకం పోటీకి ముందురోజున జరుగుతుంది. అక్కడే మోసానికి తావు దొరికింది. ఎనభై కిలోల మనిషి డెబ్బై కిలోల తరగతిలో పేరు ఇస్తాడు. ఆహారం తగ్గించి కొంత దిగుతాడు. చివరి వారంలో మొదట కడవలకొద్దీ నీరు త్రాగి, ఉప్పు మాని, ఆపైన హఠాత్తుగా నీరు ఆపివేస్తాడు. వేడినీటి తొట్టిలో మునిగి, ఆవిరిగదిలో కూర్చొని చెమట కారుస్తాడు. లీటరు చెమట పోతే కిలో తగ్గినట్లే. తూకం ముగిసిన వెంటనే నీరు, లవణాలు, ఆహారం పుచ్చుకొని మరునాటికి మరల బరువెక్కి బరిలో దిగుతాడు.

దీనివలన లాభమేమి? ప్రత్యర్థి కూడా అదే పని చేసి వస్తున్నాడు గదా! ముషాయిరాలో ముందువరుసవాడు లేచి నిలబడితే వెనుకవారందరూ లేవవలసిందే. ఎవరికీ అదనంగా కనబడదు, అందరి కాళ్లూ నొప్పి పుడతాయి. పైగా నీరు తగ్గిన దేహంలో రక్తం చిక్కబడుతుంది, గుండె వేగం పెరుగుతుంది, ఒంటి వేడి చల్లారదు. 2015లో మనీలా నగరంలో పోటీకి వచ్చిన యాంగ్ జియాన్ బింగ్ అనే చైనా యువకుడు తూకం కోసం బరువు తగ్గించుకొనే ప్రయత్నంలోనే మరణించాడు. అతని వయస్సు 21 సంవత్సరాలు. బరిలో అడుగైనా పెట్టలేదు.

ఇక మా విద్యార్థి ఆదర్శంగా చెప్పిన ఖబీబ్ విషయం. 2017 మార్చిలో లాస్ వెగాస్‌లో జరుగవలసిన అతని పోటీ జరుగలేదు. బరువు తగ్గించుకొనే యాతనలో అతడు ఆస్పత్రి పాలయ్యాడు. ఆ తరువాత విజేత అయ్యాడు, 29 పోటీలలో ఒక్కటీ ఓడకుండా 2020 అక్టోబరులో విరమించాడు. అదే యేడు జూలైలో తండ్రి మరణించాడు. తండ్రి లేకుండా ఇక పోరాడనని తల్లికి మాట ఇచ్చి నిలబెట్టుకొన్నాడు. ఆ మాటను గౌరవిస్తాను. 2018లో గెలిచిన పిమ్మట కంచె దూకి ప్రత్యర్థి పక్షంవారి మీద పడ్డాడు. తొమ్మిది నెలల నిషేధం, 5 లక్షల డాలర్ల జరిమానా పడ్డాయి. అభిమానులు దానిని కూడా పౌరుషమంటారు. నేననను. మహావీరుని దగ్గర నేర్చుకోదగినవీ ఉంటాయి, కూడనివీ ఉంటాయి. ఆవిరిగది రెండవ కోవకు చెందినది.

దూరం పోనక్కరలేదు. మన నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల తరగతిలో ప్రపంచ విజేత అయింది. ఒలింపిక్స్‌లో ఆ తరగతి లేనందున 50 కిలోలకు దిగింది. 2024 పారిస్‌లో చైనా క్రీడాకారిణి వూ యు చేతిలో ఓడిన తరువాత, బరువు కోసం రెండు రోజులుగా ఏమీ తినలేదని తానే చెప్పింది. అదే పారిస్‌లో వినేశ్ ఫోగట్ రాత్రంతా వ్యాయామం చేసి, జుట్టు సైతం కత్తిరించుకొని, 100 గ్రాముల తేడాతో ఫైనలు పోటీ పోగొట్టుకొన్నది.

మన విద్యార్థులు ఒక ప్రశ్న వేస్తారని నాకు తెలుసు. "రంజానులో మేము పగలంతా నీరు త్రాగము గదా, ఇది ఏపాటి?" అంటారు. రెండింటినీ ఒక్క త్రాసులో పెట్టకూడదు. రోజాకు ఇఫ్తారు ఉన్నది. రోగికీ, ప్రయాణికునికీ మినహాయింపు ఉన్నది. తరువాత పూర్తిచేసుకొనే వెసులుబాటు ఉన్నది. దేహం మోయలేని భారం దానిపై మోపరాదన్న దయ ఆ విధిలోనే ఇమిడి ఉన్నది. ఆవిరిగదిలో కూర్చున్నవానికి మగ్రిబ్ అజాను వినబడదు. ముల్లు దిగేవరకు అతడు కూర్చోవలసిందే. ఖబీబ్ సైతం రంజాను మాసంలో పోటీకి దిగేవాడు కాడన్న సంగతి మనవారు గుర్తుంచుకోవాలి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. 1997లో నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికాలో ముగ్గురు కళాశాల కుస్తీ విద్యార్థులు బరువు తగ్గించుకొనే యత్నంలో మరణించారు. అక్కడి కళాశాలల క్రీడాసంఘం వెంటనే రబ్బరు దుస్తులను, ఆవిరిగదులను నిషేధించింది. తూకాన్ని పోటీ దగ్గరకు తెచ్చింది. ప్రతి విద్యార్థికీ అంతకన్న తగ్గరాని కనీస బరువును ముందే నిర్ణయించే పద్ధతి పెట్టింది. అంతర కళాశాలల నియమాలను మార్చడం మన చేతిలో లేదు. కాని మన జట్టు మన చేతిలోనే ఉన్నది. జూలైలో అందరినీ తూచి, ఆ బరువును పుస్తకంలో వ్రాసి, దానికి తగిన తరగతిలోనే పేరు పంపుదాము. ఒక మంచి త్రాసు, ఒక రిజిస్టరు, ఏడాదికి రెండుసార్లు వైద్యుని రాక తప్ప వేరే ఖర్చు లేదు. పతకాలు ఒకటి రెండు తగ్గితే తగ్గవచ్చును.

ఆ విద్యార్థి ఆ మరునాడు తూకంలో నెగ్గాడు. పోటీలో మాత్రం రెండవ రౌండులోనే కాళ్లు తడబడగా రిఫరీ ఆపివేశాడు. తిరుగు బస్సులో కిటికీ ప్రక్కన కూర్చొని మూడు సీసాల నీళ్లు త్రాగాడు, ఒక్క మాటా మాట్లాడలేదు. ఈ సంవత్సరం పై తరగతిలో పేరు వ్రాయమని తానే వచ్చి అడిగాడు. వ్రాశాను.