కూతురి స్వార్జితము - ప్రభుత్వముల బాధ్యత

1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టములోని 15వ సెక్షను స్త్రీజాతికి చేయుచున్న యన్యాయమును పాఠకుల దృష్టికి దెచ్చుట మా విధి యని తలంచుచున్నాము. హిందూ స్త్రీ వీలునామా వ్రాయక మరణించినచో, ఆమెకు సంతానమును భర్తయు లేనప్పుడు, ఆమె స్వయముగా గడించిన సొత్తు మొదట భర్త వారసులకు చెందునట. వారెవ్వరును లేనప్పుడే కన్న తల్లిదండ్రులకు దక్కునట! పురుషుని యాస్తికి ఇట్టి నియమము లేదు. అతని తల్లి మొదటి తరగతి వారసురాలు. కొడుకు సంపాదనలో భాగము గల తల్లి, కూతురి సంపాదనకు వచ్చుసరికి అల్లుని అన్నదమ్ముల వెనుక నిలువవలసినదేనా?

ఇది మా యూహ కాదు. 2009లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పిన వ్యాజ్యమొకటి గలదు. 1955లో వివాహమైన మూడు నెలలకే ఒక స్త్రీ భర్తను గోల్పోయెను. అత్తవారు వెడలగొట్టిరి; పుట్టినింటివారు చేరదీసి చదివించిరి. ఆమె ఉద్యోగము చేసి ధనము కూడబెట్టెను. 1996లో ఆమె మరణింపగా, ఆ ధనము పుట్టినింటికి గాక ఆడుబిడ్డ కొడుకులకు పోయినది. చట్టము స్పష్టముగా నున్నచోట సానుభూతికి తావు లేదని న్యాయస్థానము పలికెను. న్యాయమూర్తులను నిందించి ఫలమేమి? దోషము శాసనముది, దానిని నిలిపియుంచిన దోషము ప్రభుత్వములది. ఈ సెక్షనును సవరింపుడని లా కమిషను 2008లోనే తన 207వ నివేదికలో చెప్పియుండెను గదా!

ఇది ఢిల్లీవారి పని యని మన రాష్ట్ర ప్రభుత్వములు తప్పుకొన వలనుపడదు. వారసత్వము రాజ్యాంగమున ఉమ్మడి జాబితాలోని విషయము. రాష్ట్రపతి యామోదముతో రాష్ట్రములును సవరింపవచ్చును. సమష్టి కుటుంబపు టాస్తిలో కుమార్తెకు కుమారునితో సమానభాగ మిచ్చుచు ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టము చేసెను. కేంద్రము 2005లో గాని మేలుకొనలేదు. నాడు ముందు నడచిన తెలుగువారు నేడు అమరావతిలోను హైదరాబాదులోను చేతులు ముడుచుకొని కూర్చుండనేల?

స్త్రీలు వీలునామా వ్రాసికొనిన సరిపోవునని కొందరందురు. మంచి సలహాయే. కాని వీలునామా వ్రాయని పురుషుని తల్లిని చట్టమే కాపాడుచుండగా, స్త్రీ తల్లికి మాత్రము కాగితము కావలయునా? ప్రభుత్వము చేయవలసిన న్యాయమును ప్రజల జాగ్రత్తకు వదలుట పాలన యనిపించుకొనదు.

పాఠకులారా! వోటడుగ వచ్చు ప్రతి యభ్యర్థిని ఒక్క ప్రశ్న యడుగుడు: 15వ సెక్షను సవరణకు బిల్లు నెప్పుడు దెచ్చెదరు? బదులు చెప్పనివారికి మన బదులు వోటు రూపమున ముట్టవలెను.