ఒరిగిన అంబాసిడర్

ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా తాతగారి బండిని అమ్మబుద్ధి కాని ఇళ్లు విశాఖలో ఇంకా ఉన్నాయి. అలాంటి బండిని వెనక నుంచి చూస్తే తరచూ ఒక భుజం కిందికి దిగి ఉంటుంది. ‘కమాన్ కట్ట కూర్చుండిపోయింది, ఆ వైపు ఓ పట్టీ ఎక్కిస్తే సరి’ అనేది ఎక్కడికెళ్లినా వినిపించే మాట. ఇక్కడే తొందరపడకూడదు. ఒరిగింది వెనకైనా జబ్బు ముందు ఉండొచ్చు!

పాత అంబాసిడర్‌కు వెనక కమాన్ కట్టలు, ముందు టార్షన్ బార్లు. ఈ బార్లంటే మెలి తిరుగుతూ బరువు మోసే ఉక్కు కడ్డీలు. మంచం కోడు ఒకదాని కింద ఇటుక పెడితే బరువంతా దాని మీదా, ఎదురు మూల కోడు మీదా పడుతుంది. బండీ అంతే. ముందు ఎడమ వైపు ఎత్తు పెరిగితే వెనక కుడి మూల కుంగుతుంది.

మరి తెలిసేదెలా? చదునైన గచ్చు మీద బండిని ఆపి, టైర్లలో గాలి సరిచూసి, వెనక చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా రెండు వైపులా టేపుతో కొలవాలి. వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, ముందు క్రాస్‌మెంబర్ కింద సరిగ్గా మధ్యలో జాకీతో కొద్దిగా లేపాలి. కిందికి మాత్రం ఎవరూ దూరకూడదు. మళ్లీ కొలిస్తే వెనక సమానమైందా? తప్పు టార్షన్ బారుది. తేడా అలాగే ఉందా? అప్పుడే కమాన్ కట్టల వంక చూడాలి.

సముద్రపు గాలికి పట్టీల మధ్య తుప్పు చేరి జారడం మానేస్తాయి. బుష్‌లు అరుగుతాయి, ఒక్కోసారి పట్టీ విరుగుతుంది. కాల్చి, సుత్తితో వంపు తెప్పించిన పట్టీ, సరైన పదును పెట్టకపోతే నాలుగు నెలల్లో మళ్లీ దిగిపోతుంది. మార్చితే రెండు వైపులా మార్చాలి.

పాత ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్ వ్యాన్‌ను ముచ్చటపడి కిందికి దించుకునేవారిదీ ఇదే తంటా. దాని వెనక టార్షన్ బారుకు లోపలి కొసన 40, బయటి కొసన 44 పళ్లు. ఒక వైపు పన్ను లెక్క తప్పినా వ్యాన్ ఒరుగుతుంది.

ఇదంతా అందానికేనా? కాదు. బరువు సమంగా పడని చక్రం గట్టి బ్రేకుకు ముందే పట్టేసి జారుతుంది. ఇంటిల్లిపాదితో అరకు వెళుతూ అనంతగిరి ఘాట్ మలుపులో అలా జారకూడదు. టార్షన్ బారు సర్దించాక చక్రాల అలైన్‌మెంటు కూడా చూపించి, ఆ తర్వాతే ఘాట్ ఎక్కాలి.