కణానికి పేరుంది, ఆమెకే చెప్పరు

నిర్మల్‌లో బీడీలు చుట్టే మా చిన్నమ్మ హైదరాబాదులో కరెంటు పెట్టించుకుని వచ్చింది. మూడు నెలలకు మళ్ళీ పరీక్ష చేస్తే గర్భసంచి ముఖద్వారంలో గడ్డ పూర్తిగా కరగలేదు. "ముందే రావాల్సింది" అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి కవరు నా చేతిలో పెట్టింది. "గిండ్ల ఏం రాసిన్రు బిడ్డా?" అడినోకార్సినోమా అని ఉంది, ఇంగ్లీషులో. అన్ని వారాల చికిత్సలో ఆ మాట ఆమె చెవిన పడనేలేదు.

కాన్సర్ అంటే కాన్సరే, పేరుతో ఏం పని అంటారా? ముఖద్వారం బయటి పొరలోని చదును కణాల్లో పుట్టేది స్క్వామస్ రకం. ఎక్కువమందికి వచ్చేది ఇదే. లోపలి దారిలో జిగురు ఊరే గ్రంథి కణాల్లో పుట్టేది అడినోకార్సినోమా. ముదిరిన దశలో ఒక్క రేడియేషన్‌తోనే సరిపెడితే రెండోది ఎక్కువగా మొండికేస్తుందని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. నెమ్మదిగా కరుగుతుంది, దూరపు అవయవాలకు పాకే ప్రమాదమూ ఎక్కువ. సిస్‌ప్లాటిన్ మందు తోడైతే ఈ తేడా తగ్గుతుంది. రేడియేషన్‌తో పాటు ఆ మందు ఇచ్చే విషయం ఆలోచించమని అమెరికా జాతీయ కాన్సర్ సంస్థ 1999లోనే వైద్యులకు చెప్పింది. "వారం వారం సెలైన్ల మందు ఎక్కిచ్చిన్రా?" అని అడిగితే, "ఏమో, ఏందో ఎక్కిచ్చిన్రు" అంది చిన్నమ్మ.

ఇక "ముందే రావాల్సింది" అన్న మాట. చిన్నమ్మ ముందే వెళ్ళింది. తెల్లబట్ట అవుతోందని క్యాంపుకు పోతే వెనిగర్ లాంటి మందు పూసి చూసి, బాగానే ఉంది పొమ్మన్నారు. ఆ పరీక్షకు కనిపించేది బయటి పొరే. లోపలి దారిలో దాగిన గ్రంథి కణం దానికి దొరకడం కష్టం. పరీక్ష చూడలేనిది చూడనందుకు నింద ఎవరి మీద? ఆడదాని నిర్లక్ష్యం మీద!

చికిత్స మొత్తం 8 వారాల్లోపు ముగియాలి. సాగిన కొద్దీ ఫలితం తగ్గుతుంది. నిర్మల్ నుంచి హైదరాబాదు సుమారు 200 కిలోమీటర్లు. బీడీలు చుట్టకపోతే కూలి లేదు. ఇంట్లో దినాలొచ్చి నాలుగు రోజులు మానితే కేస్ షీటులో 'రోగి రాలేదు' అని రాశారు. బస్సు ఖర్చూ పోయిన కూలీ ఏ షీటులోనూ లేవు.

చెప్పకపోవడం మనకు కొత్త కాదు. ఇదే కాన్సర్ పేరు మీద 2009లో ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేలమంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. తల్లిదండ్రులకు బదులు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్లో ఆ పని ఆగింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకాతో నాకు తగువు లేదు, అది కావాల్సిందే. చెప్పకుండా వేయడంతోనే తగువు. పిల్లకు సూది గురించి చెప్పరు, తల్లికి కణం గురించి చెప్పరు. చదువు రానివాళ్ళకు అర్థం కాదని సాకు. వెయ్యి బీడీల లెక్క తప్పకుండా చెప్పే మనిషికి రెండు రకాల కణాలు అర్థం కావా?

2022లో మన దేశంలో ఈ కాన్సర్‌తో దాదాపు 80 వేలమంది చనిపోయారని అంచనా. అందులో ఎవరిది ఏ రకమో వాళ్ళలో ఎంతమందికి తెలుసు? రిపోర్టు తెలుగులో కావాలి. రకం పేరు, దానివల్ల చికిత్సలో ఏం మారుతుందో నోటితో చెప్పాలి. చికిత్స రోజులకు కూలీ, ఉండటానికి చోటూ ఇవ్వాలి. దేహం గురించి ఇంత రాసిన మన దగ్గరా దీనికి మాటల్లేవు. చిన్నమ్మకు చెప్పడానికి నేనే తడుముకున్నాను.

జిగురు ఊరే లోపలి దారి, అక్కడ పుట్టిందని చెప్పాను. క్యాంపు పరీక్షకు అది అందదనీ చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

"గట్లయితే నేను లేటు చెయ్యలే గదా బిడ్డా" అంది.