హైవే మీద మిగిలేది రెండున్నర నిమిషాలే!



తొమ్మిదో తరగతిలో గతిజశక్తి పాఠం చెప్పేటప్పుడు పిల్లల్లో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది: "టీచర్, జర్మనీలో హైవేల మీద స్పీడ్ లిమిటే లేదంట కదా! అయినా అక్కడి రోడ్లు మనకంటే సేఫ్ అంట. మరి మనకెందుకు లిమిట్?" అక్కడ ఎంఎస్ చదువుతున్న అన్నయ్యో, ఉద్యోగం చేస్తున్న బాబాయో ఫోన్లో చెప్పిన మాటే అయి ఉంటుంది. మంచి ప్రశ్న. దీనికి సరైన జవాబు పిల్లలతో పాటు మనకూ తెలియాలి.

జర్మనీ ఆటోబాన్‌లో ఎక్కువ భాగానికి కచ్చితమైన వేగ పరిమితి లేదన్నది నిజమే. గంటకు 130 కిలోమీటర్లు దాటవద్దని 1978 నుంచి ఉన్నది సలహా మాత్రమే. కానీ ఆ రోడ్డు మీదకు నడిచేవాళ్లు, సైకిళ్లు రావు. తప్పు వైపు నుంచి ఓవర్‌టేక్ చేయడం నేరం. పద్ధతిగా శిక్షణ తీసుకుని, రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ పాసైతేనే లైసెన్స్ ఇస్తారు. అక్కడి వాళ్లను కాపాడుతున్నవి ఇవి, వేగం కాదు. అదే జర్మనీలో బెర్లిన్ నుంచి హాంబర్గ్ వెళ్లే ఆటోబాన్‌లో సుమారు 60 కిలోమీటర్ల మేర 2002 చివర్లో 130 పరిమితి పెట్టారు. ఆ తర్వాత అక్కడ ప్రమాదాలు దాదాపు సగానికి తగ్గాయి.

అమెరికాది మరో అనుభవం. చమురు కొరత వల్ల 1974లో దేశమంతటా గంటకు 55 మైళ్ల పరిమితి పెట్టారు. 1973లో 54 వేలు దాటిన రోడ్డు మరణాలు మరుసటి ఏడాది 45 వేలకు దిగాయి. పెట్రోలు దొరకక జనం ప్రయాణాలు తగ్గించుకోవడమూ ఇందుకు ఒక కారణమే. అయితే 1995లో ఆ చట్టాన్ని ఎత్తేశాక ఏం జరిగిందో కూడా లెక్క తీశారు. పరిమితులు పెరగడం వల్ల పదేళ్లలో సుమారు 12,500 మంది అదనంగా చనిపోయారని 2009లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది.

అలాగని బోర్డు పెట్టినంత మాత్రాన సరిపోతుందా? సరిపోదు. ఫ్రాన్స్‌లో హైవే పరిమితి ముందూ 130, తర్వాతా 130. 2003లో స్పీడ్ కెమెరాలు వచ్చాయి, నిఘా పెరిగింది. 2002లో ఏడు వేలు దాటిన రోడ్డు మరణాలు 2005 నాటికి ఐదు వేల పైచిలుకుకు తగ్గాయి. అంటే, పాటించినప్పుడే పరిమితి ప్రాణం కాపాడుతుంది.

ఇక మన సంగతి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023లో పరిమితిని 100 నుంచి 120కి పెంచారు. 120 అన్నది దాటకూడని గీత. అందుకోవాల్సిన టార్గెట్ కాదు. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1.68 లక్షల మంది చనిపోతే, అందులో 71 శాతం మరణాలు అతివేగం ఖాతాలోవేనని కేంద్ర ప్రభుత్వ నివేదికే చెబుతోంది.

పిల్లల పాఠంలోని సూత్రాన్నే ఇక్కడ వాడి చూడండి. వేగం 100 నుంచి 120కి పెరిగితే 20 శాతమే పెరిగినట్టు. గతిజశక్తి మాత్రం వేగం వర్గాన్ని బట్టి 44 శాతం పెరుగుతుంది. గుద్దుకుంటే కారూ, కారులోని మనుషులూ తట్టుకోవాల్సింది ఆ శక్తినే. మరి మిగిలే సమయం? 25 కిలోమీటర్లకు 100 వేగంతో 15 నిమిషాలు, 120తో పన్నెండున్నర. ఆదా అయ్యేది రెండున్నర నిమిషాలు. టోల్ గేటు దగ్గర ఒక్క లారీ ఆగితే అదీ పోతుంది!

అందుకే మీకు ఒక విన్నపం. ఈసారి ఊరికి వెళ్లేటప్పుడు రోడ్డు పక్క బోర్డులు, కారు స్పీడోమీటరు చదివే పని మీ పిల్లలకు అప్పగించండి. "నాన్నా, లిమిట్ దాటాం" అని వెనక సీటులోంచి వినిపిస్తే "నువ్వు కూర్చోరా" అనకండి. వేగం తగ్గించండి. క్లాసులో మేం నేర్పింది నిజమో కాదో వాళ్లు తేల్చుకునేది అక్కడే.