ఉద్యోగి వెళ్లిపోయాడు.. సర్వర్ తాళంచెవి ఎక్కడుంది?

ఆదాయ ధ్రువీకరణ పత్రం కావాలన్నా, ఆస్తి పన్ను కట్టాలన్నా ఇప్పుడు ఫోన్ తీస్తే చాలు. తెలంగాణలో మీసేవ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న మొదలైన ‘మన మిత్ర’తో వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు అందుతున్నాయి. మీరు నొక్కే ప్రతి బటన్ వెనక ఎక్కడో ఒక సర్వర్ పనిచేస్తుంటుంది. అందులోకి వెళ్లి మరమ్మతులు, మార్పులు చేసే ఇంజినీర్లు ఉంటారు. చాలాచోట్ల వాళ్లు కాంట్రాక్టు సంస్థల సిబ్బంది.

వాళ్లలో ఒకరు ఉద్యోగం మానేశారనుకోండి. ఐడీ కార్డు తీసుకుంటారు. ల్యాప్‌టాప్ తీసుకుంటారు. ఆఫీసు మెయిల్ ఆపేస్తారు. మరి సర్వర్ తాళంచెవి సంగతి?

ఇది ఐటీ వాళ్ల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. మీ పేరు, ఫోన్ నంబరు, ఆదాయం, భూమి వివరాలు ఉన్న గదికి ఎన్ని తాళంచెవులు ఉన్నాయన్నదే ఇక్కడ ప్రశ్న.

అసలేంటీ ‘కీ పెయిర్’?

దూరంగా ఉన్న సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి పేరు ఎస్‌ఎస్‌హెచ్. ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో నెట్‌వర్క్ మీద కన్నేసి పాస్‌వర్డులు కొట్టేసిన ఘటన తర్వాత, అక్కడి పరిశోధకుడు టాటూ యులోనెన్ 1995లో దీన్ని తయారుచేశారు.

ఇందులో పాస్‌వర్డ్ బదులు రెండు కీలు వాడొచ్చు. ఒకటి పబ్లిక్ కీ. ఇది తాళం కప్ప లాంటిది, సర్వర్‌కు వేసి ఉంటుంది, ఎవరు చూసినా నష్టం లేదు. రెండోది ప్రైవేట్ కీ. ఇదే తాళంచెవి. ఇంజినీర్ కంప్యూటర్‌లో చిన్న ఫైల్‌గా ఉంటుంది. పాస్‌వర్డ్‌ను ఊహించి పట్టుకోవచ్చేమో కానీ, దీన్ని ఊహించడం దాదాపు అసాధ్యం. అందుకే క్లౌడ్ కంపెనీలు దీన్నే సిఫార్సు చేస్తాయి.

అయితే ఫైల్ అన్నాక కాపీ చేయొచ్చు. పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు. వాట్సాప్ గ్రూపులో పంపొచ్చు. ఇత్తడి తాళంచెవిని వెనక్కి తీసుకుంటే మన చేతిలో ఉన్నట్టే. ఈ ఫైల్‌ను ‘వెనక్కి తీసుకున్నాం’ అని చెప్పడానికి మాత్రం వీల్లేదు.

జాబితా చూస్తే సరిపోతుందా?

చాలామంది పొరపడేది ఇక్కడే. ఉదాహరణకు అమెజాన్ క్లౌడ్‌లో ఈసీ2 పేజీ తెరిస్తే ‘కీ పెయిర్స్’ అనే జాబితా కనిపిస్తుంది. కీ పేరు, రకం, తయారైన తేదీ, ఫింగర్‌ప్రింట్ అనే గుర్తింపు వరుస ఉంటాయి. పక్కనే డిలీట్ ఆప్షన్ కూడా ఉంటుంది. వెళ్లిపోయిన ఉద్యోగి కీని ఇక్కడ డిలీట్ చేస్తే పని అయిపోయిందనిపిస్తుంది.

కాలేదు. ఆ జాబితా కొత్త సర్వర్ పెట్టేటప్పుడు ఏ తాళం వేయాలో ఎంచుకోవడానికి మాత్రమే. ఇప్పటికే నడుస్తున్న సర్వర్‌కు వేసిన తాళం అలాగే ఉంటుంది. ఎవరిని లోపలికి రానివ్వాలన్న అసలు జాబితా ఆ సర్వర్ లోపలే, ‘ఆథరైజ్డ్ కీస్’ అనే ఫైల్‌లో ఉంటుంది. అందులోంచి ఆ లైను తీసేసేదాకా పాత కీతో తలుపు తెరుచుకుంటూనే ఉంటుంది. డిజిటల్ ఓషన్‌లోనూ అంతే. ఖాతాలో కీ తీసేసినంత మాత్రాన నడుస్తున్న సర్వర్‌లో కీ పోదు.

మరో మూడు చిక్కులున్నాయి.

ఒకటి, ఈ జాబితా రీజియన్ వారీగా విడివిడిగా ఉంటుంది. అమెజాన్ ముంబయి కేంద్రం 2016లో, హైదరాబాద్ కేంద్రం 2022 నవంబరులో మొదలయ్యాయి. ముంబయి జాబితా చూసినంత మాత్రాన హైదరాబాద్ సర్వర్ల సంగతి తెలియదు.

రెండు, పాత సర్వర్ నుంచి ఇమేజ్ తీసి దానితో కొత్త సర్వర్ పెడితే, పాత తాళాలు కూడా అందులోకి వచ్చేస్తాయి. ఒకచోట తీసేసిన కీ, పాత ఇమేజ్ ద్వారా ఇంకోచోట మళ్లీ ప్రత్యక్షమవుతుంది.

మూడు, ఫింగర్‌ప్రింట్ లెక్కించే పద్ధతులు వేర్వేరు. కన్సోల్‌లో కనిపించేదీ, సర్వర్‌లో కనిపించేదీ ఒకే కీకి కూడా వేరుగా ఉండొచ్చు. అది తెలియక ‘ఇది మన కీ కాదేమో’ అని కంగారుపడేవాళ్లూ ఉంటారు.

తాళంచెవి పోతే?

ఇది రెండో ప్రమాదం. అమెజాన్ తయారుచేసి ఇచ్చే ప్రైవేట్ కీని ఒక్కసారే డౌన్‌లోడ్ చేసుకోగలం. తర్వాత కంపెనీని అడిగినా ఇవ్వలేదు, దాని దగ్గర కాపీ ఉండదు. అది ఒకే ఒక్క ఉద్యోగి ల్యాప్‌టాప్‌లో ఉండి, ఆయన వెళ్లిపోతే సొంత సర్వర్‌లోకి సంస్థే వెళ్లలేని పరిస్థితి వస్తుంది. ప్రత్యామ్నాయ దారి ముందే పెట్టుకోకపోతే సర్వర్ ఆపి, డిస్క్ విప్పి, వేరే సర్వర్‌కు తగిలించి సరిచేయాలి. అంటే ఆ కాసేపు మీ సేవ ఆగినట్టే.

తాళం మార్చడం ఎలా?

గిట్‌హబ్ తన ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేట్ కీల్లో ఒకటి పొరపాటున అందరికీ కనిపించే చోట కాసేపు బయటపడిందని 2023 మార్చిలో ప్రకటించింది. ఆ ఫైల్‌ను తొలగించి ఊరుకోలేదు, కీనే మార్చేసింది. బయటపడిన తాళంచెవి విషయంలో సరైన పని అదొక్కటే.

మీరు సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో ఉంటే ఈ వరుస పాటించండి:

• ముందు కొత్త పబ్లిక్ కీని సర్వర్‌లో చేర్చండి.
• పాత లాగిన్ మూయకుండానే, ఇంకో విండోలో కొత్త కీతో వెళ్లి చూడండి.
• అది పనిచేశాకే పాత లైను తీసేయండి. చివరగా కన్సోల్ జాబితాలోంచి తొలగించండి.
• మనిషికో కీ ఉండాలి. పదిమందీ ఒకే కీ వాడితే, లాగ్‌లో ఏ కీ వచ్చిందో తెలుస్తుంది కానీ ఎవరు వచ్చారో తెలియదు.
• ప్రైవేట్ కీ ఫైల్‌కు పాస్‌ఫ్రేజ్ పెట్టండి. మెయిల్‌లో, చాట్‌లో పంపొద్దు.

శాశ్వతమైన కీలే లేకుండా చేసే దారులూ ఉన్నాయి. అమెజాన్ ‘ఇన్‌స్టాన్స్ కనెక్ట్’ పంపే కీ 60 సెకన్లే చెల్లుతుంది. గూగుల్ ‘ఓఎస్ లాగిన్’ అనుమతిని ఉద్యోగి ఖాతాకే ముడిపెడుతుంది. ఖాతా ఆపేస్తే కొత్తగా లాగిన్ అయ్యే దారీ మూసుకుంటుంది.

నిబంధనలు ఏమంటున్నాయి?

ప్రభుత్వ శాఖలు క్లౌడ్ వాడుకునేందుకు కేంద్రం 2014లో ‘మేఘరాజ్’ను ప్రారంభించింది. సైబర్ ఘటనలు తెలిసిన 6 గంటల్లో తమకు చెప్పాలని, లాగ్‌లు 180 రోజులు దాచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రత పాటించక డేటా బయటికి పోతే రూ.250 కోట్ల దాకా జరిమానా ఉంది.

కానీ పాత కీతో వచ్చిన మనిషి తలుపు పగలగొట్టి రాడు. సరైన తాళంచెవితోనే వస్తాడు. సర్వర్ దృష్టిలో అది మామూలు లాగిన్. ఘటన జరిగిందని తెలిస్తేనే కదా 6 గంటల లెక్క మొదలయ్యేది! అందుకే జరిగాక చెప్పే నిబంధన కన్నా, మనిషి వెళ్లిన రోజే తాళం మార్చే అలవాటు ముఖ్యం.

మీరేం అడగొచ్చు?

ఏ శాఖా కీల జాబితాను మీకు చూపించదు, చూపించకూడదు కూడా. అయితే భద్రతా ఆడిట్ చివరిసారి ఎప్పుడు చేయించారు, నిర్వహణ సంస్థ మారినప్పుడు పాత సిబ్బంది అనుమతులు తీసేయాలని ఒప్పందంలో ఉందా అని సమాచార హక్కు దరఖాస్తులో అడగొచ్చు. అద్దె ఇంట్లోకి కొత్తగా దిగినవాళ్లు చేసే మొదటి పని తాళం మార్చడం. మన వివరాలు దాచిన ఇంటికి కూడా ఆ మాత్రం జాగ్రత్త అడగడం తప్పేమీ కాదు.